మలుపులో ఒరగకుండా, వెనక సీట్లో కుదిపేయకుండా: కారు సస్పెన్షన్ అప్‌గ్రేడ్ ఎలా చేయాలి

నేను మొదటిసారి సస్పెన్షన్ జోలికి వెళ్ళినప్పుడు కొన్నవి స్ప్రింగులు మాత్రమే. కారును 40 మిల్లీమీటర్లు కిందికి దించేవి. పాత షాకప్‌ల మీదే వాటిని ఎక్కించేసి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ తగ్గిందని రోజుకు నాలుగుసార్లు చూసుకుని మురిసిపోయాను. ఆ వారమే అమ్మ వెనక సీట్లో కూర్చుంది. కొంత దూరం పోయాక ముందు సీటును రెండు చేతులా పట్టుకుని, "ఏరా, టైర్లలో గాలి లేదా?" అంది.

గాలి సరిగ్గానే ఉంది. మర్నాడు ముందు షాకప్ రబ్బరు తొడుగు పైకి లేపి, మెరిసే రాడ్‌కు సన్నటి ప్లాస్టిక్ టై ఒకటి బిగించి, షాకప్ ఒంటికి ఆనేలా కిందికి జరిపాను. ఓ పావుగంట తిరిగొచ్చి చూస్తే ఆ టై పైకి వెళ్ళి బంప్ స్టాపర్‌కు (షాకప్ ఇక దిగలేనప్పుడు దాన్ని ఆపే రబ్బరు దిమ్మకు) అతుక్కుని ఉంది. కారు నిలబడి ఉన్నప్పుడు షాకప్ ఒంటికీ స్టాపర్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచాను. 15 మిల్లీమీటర్లు. చిన్న గతుకు వచ్చినా చక్రం లేచి స్టాపర్‌ను గుద్దుతోందన్నమాట. అమ్మ నడుముకు తగిలిన దెబ్బ స్టాపర్‌ది. నేను మాత్రం ఆ వారమంతా 'స్పోర్ట్స్ స్ప్రింగులు కదా, ఆమాత్రం గట్టిగా ఉంటాయి' అని సర్దిచెప్పుకుంటూ తిరిగాను.

అప్పటినుంచి నేను వదలకుండా పట్టుకున్న వరస ఇది: ముందు అరిగిన భాగాలు, తర్వాత టైర్లు, తర్వాత షాకప్‌లు, ఆపైన స్టెబిలైజర్ బార్ (ఎడమ కుడి చక్రాలను కలిపి, కారు ఒరగకుండా పట్టే కడ్డీ), చివర్లో స్ప్రింగులు. కారు దించడం, దించి తీరాలనుకుంటే, అన్నిటికన్నా ఆఖర్న. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. దించిన కారు ఫొటోలో కనబడుతుంది, మంచి షాకప్ కనబడదు, అదీ సంగతి.

ఏం నచ్చలేదో ముందు రాసుకోండి

"హ్యాండ్లింగ్ బాగుండాలి" అంటే ఏ మెకానిక్‌కూ ఏమీ అర్థం కాదు. మీకూ కాదు. ఒక కాగితం తీసుకుని సంగతిని విడగొట్టండి. మలుపులో కారు ఎక్కువ ఒరుగుతోందా, లేక ఒరగడం త్వరగా, కుదుపుగా జరుగుతోందా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు. స్టీరింగ్ తిప్పాక ముక్కు ఆలస్యంగా తిరుగుతోందా? బ్రేకు వేస్తే ముందుకు తూలుతోందా? పల్లం దాటాక రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఊగుతోందా? మలుపు మధ్యలో గతుకు తగిలితే వెనక భాగం పక్కకు జరుగుతోందా?

కారులో మామూలుగా ఎంతమంది కూర్చుంటారో కూడా రాయండి. ఒక్కరే నడిపే కారుకూ, వారానికి మూడు రోజులు వెనక ముగ్గురూ డిక్కీ నిండా సామానూ ఉండే కారుకూ ఒకే సెట్టింగ్ పనికిరాదు.

తర్వాత మీరు రోజూ వెళ్ళే దారిలోంచి ఓ పది నిమిషాల చుట్టు ఎంచుకోండి. అందులో ఒక గతుకుల ముక్క, ఒక స్పీడ్ బ్రేకర్, ఒక పొడవాటి మలుపు, వంతెన మీద ఒకటి రెండు జాయింట్లు ఉండాలి. ఏ మార్పు చేసినా అదే చుట్టు, అదే వేగం, అదే టైరు ప్రెషర్. ఒకసారికి ఒకే మార్పు. నాలుగూ కలిపి మార్చేస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో మీకు ఎప్పటికీ తెలియదు.

ఇంకో కొలత కూడా ఇప్పుడే తీసుకోవాలి. చదునైన నేల మీద కారు నిలిపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత ఏ గొడవ వచ్చినా ఈ నాలుగు అంకెలే దిక్కు.

అరిగినవి మార్చకుండా కొత్తవి కొనకండి

కారు ఓ లక్ష కిలోమీటర్లు తిరిగి ఉంటే, మీరు పోగొట్టుకున్న హ్యాండ్లింగ్‌లో పెద్ద వాటా అరిగిన రబ్బరు బుష్‌లలోనే (సస్పెన్షన్ కీళ్ళలో ఉండే రబ్బరు తొడుగులు) ఉండొచ్చు. జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే కింది చెయ్యి) బుష్ దగ్గర పొడవాటి రాడ్ ఒకటి దూర్చి మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు చీలి ఉన్నా, ఆర్మ్ అటూ ఇటూ దూకినా మార్చాల్సిందే. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండ్రటి కీలు) సంగతి తెలుస్తుంది. గతుకుల్లో టకటకమనే చప్పుడు ఎక్కువసార్లు స్టెబిలైజర్ బార్ లింక్ రాడ్‌దే. స్టీరింగ్ తిప్పితే పైనుంచి 'టంగ్' మని స్ప్రింగు తిరిగిన చప్పుడు వస్తే స్ట్రట్ (స్ప్రింగూ షాకప్పూ కలిసిన ఒకే కాలు) పైకొసను పట్టి ఉంచే మౌంట్ బేరింగ్‌ను అనుమానించండి.

కారు మూలను చేత్తో నొక్కి వదిలి, "ఒక్కసారే ఊగింది, షాకప్‌లు బాగానే ఉన్నాయి" అని చెప్పేవాళ్ళు ఉంటారు. పూర్తిగా చచ్చిన షాకప్‌ను అది పట్టిస్తుంది, సగం చచ్చినదాన్ని పట్టించదు. ఆయిల్ కారిన తడి ఉందా, టైరు మీద అక్కడక్కడా పల్లాలు పడినట్టు అరుగుదల ఉందా అన్నవి ఇంకాస్త నమ్మదగిన గుర్తులు.

బుష్‌ల విషయంలో ఒక మాట. రబ్బరు తీసేసి అన్నిచోట్లా గట్టి పాలీయురేథేన్ బుష్‌లు వేసుకునే మోజు ఒకటుంది. స్టీరింగ్ నిజంగానే చురుకవుతుంది. దాంతోపాటు రోడ్డు గరుకుదనమంతా సీట్లోకి గీరుతూ వస్తుంది, గ్రీజు ఎండితే కిచకిచలు కూడా. రోజువారీ కారుకు అన్నీ కొత్త రబ్బరు బుష్‌లే వేసి, స్టెబిలైజర్ బార్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే రెండు బుష్‌లు మాత్రం పాలీవి వేసుకోండి. సౌకర్యం పెద్దగా పోదు, బార్ ఆలస్యం చేయకుండా పని అందుకుంటుంది.

టైరు కూడా ఒక స్ప్రింగే

205/55 ఆర్16 టైరు పక్కగోడ ఎత్తు సుమారు 113 మిల్లీమీటర్లు. అదే కారుకు 225/40 ఆర్18 వేస్తే 90. చక్రం మొత్తం వ్యాసం దాదాపు అంతే ఉంటుంది కానీ, దెబ్బను మింగే రబ్బరూ గాలీ 23 మిల్లీమీటర్లు తగ్గిపోయాయి. పెద్ద రిమ్ సాధారణంగా బరువు కూడా ఎక్కువ. బరువైన చక్రం గతుకులో ఎగిరితే దాన్ని ఆపడానికి షాకప్ ఇంకా కష్టపడాలి. ఇంత చేసి మెత్తటి సస్పెన్షన్ కోసం వెతకడం, చెప్పుల అట్ట పీకేసి సాక్సు మందం పెంచడం లాంటిది.

అందుకే నా సలహా: రిమ్ సైజు పెంచకండి, మంచి పట్టున్న టైరు వేయండి. ప్రెషర్ డోరు పిల్లర్ మీద ఉన్న స్టిక్కర్ ప్రకారం మొదలుపెట్టి, అక్కడి నుంచి 1 లేదా 2 పీఎస్ఐ మాత్రమే అటూ ఇటూ ప్రయత్నించండి. కొందరికి ఇక్కడితోనే పని అయిపోతుంది. అయిపోతే ఆపేయండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అసలు పని షాకప్‌లది

స్ప్రింగు కారు బరువును మోస్తుంది. ఎంత ఒరగాలన్నది స్ప్రింగూ స్టెబిలైజర్ బారూ కలిసి తేలుస్తాయి. ఎంత వేగంగా ఒరగాలన్నది షాకప్ చేతిలో ఉంది. డ్రైవర్‌కు భయం పుట్టించేది ఎక్కువగా ఆ వేగమే. ఒకే కోణంలో ఒరిగే రెండు కార్లలో ఒకటి మెల్లగా ఒదిగి నిలబడుతుంది, రెండోది ధబ్బున పడి మళ్ళీ లేస్తుంది. మొదటిదాన్ని ఎక్కినవాళ్ళు "ఎంత స్టేబుల్‌గా ఉందో" అంటారు, ఒరిగిందని గమనించరు కూడా.

షాకప్ లోపల పిస్టన్ ఎంత వేగంగా కదులుతోందన్నదే ఇక్కడ కీలకం. మలుపులో ఒరగడం, బ్రేకుకు తూలడం నెమ్మది కదలికలు, మామూలుగా సెకనుకు 5 నుంచి 10 సెంటీమీటర్ల లోపే. గుంత అంచు తగలడం, వంతెన జాయింట్ దాటడం వంటివి అంతకు ఎన్నో రెట్లు వేగంగా జరుగుతాయి. మంచి షాకప్ నెమ్మది కదలికకు గట్టిగా అడ్డం పడుతుంది, వేగపు దెబ్బకు వాల్వులు తెరిచి దారి ఇస్తుంది. చవక షాకప్‌లో చాలాసార్లు ఇది తిరగబడి ఉంటుంది: మెల్లగా ఒరుగుతుంటే పట్టించుకోదు, గుంత తగిలితే బిగుసుకుపోతుంది. సౌకర్యం, హ్యాండ్లింగ్ ఒకదాన్నొకటి తినేస్తాయని మనం అనుకునేదానికి సగం కారణం ఇదే. నెమ్మది కదలిక, వేగపు కదలిక వేర్వేరు కాబట్టి రెండింటినీ వేర్వేరుగా సరిచేసుకోవచ్చు.

కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని. ట్విన్ ట్యూబా (ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలు), మోనో ట్యూబా (ఒకే గొట్టం)? మోనో ట్యూబులో గ్యాస్ ప్రెషర్ ఎక్కువ, వేడిని త్వరగా వదిలేస్తుంది, చిన్న కదలికకు కూడా వెంటనే స్పందిస్తుంది. ట్విన్ ట్యూబులో ప్రెషర్ తక్కువ కాబట్టి రాడ్ సీలు మీద రాపిడి తక్కువ, నగర వేగాల్లో మెత్తగా నడుస్తుంది. ఇది మంచిదీ అది చెడ్డదీ అని లేదు, లోపలి వాల్వుల అమరికే అసలు గుణం. బయటి గొట్టాన్ని చూసి డబ్బు పెట్టకండి. గట్టితనం తిప్పి మార్చుకునే నాబ్ ఉంటే, ఆ నాబ్ ఏం మారుస్తుంది? రీబౌండ్ ఒక్కటేనా, కంప్రెషన్ కూడానా (ఇవేమిటో కింద చెబుతాను)? రెండూ కలిపి మార్చేదైతే ఒరగడం తగ్గించబోయి గుంతల దెబ్బ కూడా పెంచుకుంటారు. మీ కారుకు కంపెనీ నుంచే ఎలక్ట్రానిక్ షాకప్‌లు వచ్చి ఉంటే వాటి బదులు మామూలువి వేశాక డ్యాష్‌బోర్డు మీద ఎర్రర్ వస్తుంది, దానికి విడిగా మాడ్యూల్ కావాలేమో ముందే కనుక్కోండి.

కంప్రెషన్ అంటే షాకప్ లోపలికి దిగేటప్పటి ప్రతిఘటన, రీబౌండ్ అంటే పైకి సాగేటప్పటిది. ఈ రెండింటిలో ఏది మించిందో వెనక సీట్లో కూర్చుని కూడా చెప్పొచ్చు. కంప్రెషన్ మించితే ప్రతి చిన్న అంచూ తగిలిన క్షణంలోనే తెలుస్తుంది, గులకరాయి మీదా 'టక్' మంటుంది. రీబౌండ్ మించితే వ్యవహారం వేరు. వరసగా నాలుగైదు గతుకులు వచ్చినప్పుడు మొదటిది మెత్తగా పోతుంది, రెండోది ఫరవాలేదు, నాలుగోది గట్టిగా గుద్దుతుంది. కారణం, చక్రం కిందికి దిగేలోపే తర్వాతి గతుకు వచ్చేస్తోంది, కారు మెట్టు మెట్టుగా కుంగి చివరికి స్టాపర్ మీద కూర్చుంటోంది. ఈ లక్షణం చూసి చాలామంది స్ప్రింగు మరీ గట్టిగా ఉందనుకుని మార్చేస్తారు. నాబ్ రెండు క్లిక్కులు వదులు చేస్తే సరిపోయేది.

స్టెబిలైజర్ బార్: తక్కువ ఖర్చు, కాస్త జాగ్రత్త

రెండు చక్రాలూ కలిసి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే బార్ మెలిపడదు, అందుకే అక్కడ దాని వల్ల కుదుపు పెరగదు. కారు ఒరిగినప్పుడే అది మెలిపడి అడ్డుకుంటుంది. వినడానికి ఉచితంగా వచ్చిన వరంలా ఉంది కదా. మెలిక ఎక్కడంటే, ఒక్క చక్రమే గుంతలో పడ్డప్పుడు కూడా అది మెలిపడుతుంది. ఎడమ చక్రం దెబ్బలో కొంత కుడివైపుకు పోతుంది, కూర్చున్నవాళ్ళ తలలు అటూ ఇటూ ఊగుతాయి. గతుకుల దారుల్లో ఎక్కువ తిరిగే కారుకు లావు బార్ వేస్తే ఒంటె మీద కూర్చున్నట్టే.

కొలత విషయంలో మోసపోకండి. లోపల బోలు లేని కడ్డీ బార్ గట్టితనం దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బార్ తీసి 22ది వేస్తే, పెరిగింది రెండు మిల్లీమీటర్లే అయినా గట్టితనం 46 శాతం పెరిగింది. 24 వేస్తే రెండింతలు దాటింది. మొదటి అడుగుగా ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు.

ముందుదా వెనకదా అన్నది ఇంకో ప్రశ్న. ముందు బార్ గట్టిపడితే ముందు చక్రాల పట్టు ముందుగా జారుతుంది, కారు మలుపు తిరగకుండా బయటికి పోవాలని చూస్తుంది. వెనక బార్ గట్టిపడితే వెనక పట్టు తగ్గుతుంది, ముక్కు చురుగ్గా తిరుగుతుంది. ఇంజన్ ముందు చక్రాలను నడిపే మామూలు కార్లు చాలావరకు మొదటి లక్షణంతోనే వస్తాయి, కంపెనీలు భద్రత కోసం కావాలనే అలా చేస్తాయి. కాబట్టి వాటికి వెనక బార్ కొద్దిగా పెంచితే కారు ఎంత హుషారవుతుందో చూసి ఆశ్చర్యపోతారు. కొద్దిగా అన్నాను. మరీ పెంచితే తడి రోడ్డు మీద వంపులో యాక్సిలరేటర్ వదలగానే వెనక భాగం మీకంటే ముందుకొచ్చేస్తుంది. కుటుంబం మొత్తం నడిపే కారులో ఆ పని చేయకండి.

స్ప్రింగు ఎంచేటప్పుడు కాస్త లెక్క

లెక్క అనగానే పేజీ తిప్పేయకండి, ఒక్క వర్గమూలమే ఉంది. కారు ఒక మూల మీద స్ప్రింగు మోసే బరువు 350 కిలోలు, చక్రం దగ్గర గట్టితనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు అనుకుందాం. ఆ మూల సహజంగా ఊగే వేగం సెకనుకు సుమారు 1.35 సార్లు వస్తుంది. మామూలు ప్రయాణికుల కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. మనిషి నడకలో శరీరం ఊగే వేగానికి ఇది దగ్గర, అందుకే మనకు హాయిగా అనిపిస్తుంది. 2 దాటితే రేసు కారు వైపు వెళ్తున్నట్టే. నిలువుగా వచ్చే కంపనాల్లో మన ఒంటికి అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్యవి.

ఇప్పుడు 30 శాతం గట్టి స్ప్రింగు వేశారు. ఊగే వేగం 30 శాతం పెరగదు, 1.3కు వర్గమూలం కట్టండి, 14 శాతమే పెరుగుతుంది. 1.35 కాస్తా 1.53 అయింది. వెనక కూర్చున్నవాళ్ళు కనిపెడతారు గానీ తిట్టరు. రెండింతలు గట్టిది వేస్తే 1.9. అప్పుడు తిడతారు. రోజువారీ కారుకు కంపెనీ స్ప్రింగు కన్నా 20 నుంచి 30 శాతం దగ్గర ఆగిపోవడమే నా పద్ధతి.

స్ప్రింగు మారితే షాకప్ కూడా దానికి తగ్గట్టు ఉండాలి, పైన చెప్పిన నా తప్పులో రెండో సగం ఇదే. 30 శాతం గట్టి స్ప్రింగు వేస్తే అంతే నిలకడ కోసం షాకప్ ప్రతిఘటన కూడా సుమారు 14 శాతం పెరగాలి. పాత షాకప్ మీద గట్టి స్ప్రింగు ఎక్కిస్తే కారు బంతిలా ఎగురుతుంది. దాన్ని మనం 'గట్టి సస్పెన్షన్' అంటాం, నిజానికి అది అదుపు లేని సస్పెన్షన్.

అమ్మేవాళ్ళు చెప్పే అంకె స్ప్రింగుది, మనకు కావాల్సింది చక్రం దగ్గరిది. స్ప్రింగు లోయర్ ఆర్మ్ మధ్యలో కూర్చుంటే, చక్రం 10 మిల్లీమీటర్లు కదిలినప్పుడు స్ప్రింగు 7 మాత్రమే కదలొచ్చు. అప్పుడు 0.7ను 0.7తో గుణించాలి, 0.49. అంటే చక్రానికి అందేది స్ప్రింగు గట్టితనంలో సగమే. స్ట్రట్ ఉన్న ముందు చక్రాల్లో ఈ నిష్పత్తి 1కి దగ్గరగా ఉంటుంది. అందుకే ముందూ వెనకా స్ప్రింగుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకండి.

వెనక భాగం ముందుకన్నా కొంచెం వేగంగా ఊగేలా ఉంచడం పాత చిట్కా. 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన ఇంజనీరు మారిస్ ఓలీ దీన్ని పరీక్షించి చెప్పాడు. గతుకు ముందు చక్రానికి ముందు తగులుతుంది, వెనక చక్రం ఆలస్యంగా ఊగడం మొదలుపెట్టినా వేగంగా ఊగి ముందుదాన్ని అందుకుంటుంది. దాంతో కారు ముందుకూ వెనక్కూ తలూపకుండా మొత్తంగా లేచి దిగుతుంది. వెనక సీట్లో కడుపులో తిప్పడం తగ్గేది దీనివల్లే.

దించాలా వద్దా

దించితే ఏం లాభమో చూడండి. బరువు కేంద్రం 550 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్న కారును 25 దించితే, మలుపులో బయటి చక్రాల మీదికి మారే బరువు సుమారు 4.5 శాతం తగ్గుతుంది. మంచిదే. నష్టం ఏమిటంటే, స్టాపర్ దాకా ఉన్న 60 మిల్లీమీటర్ల ప్రయాణం 35 అయిపోతుంది. షాకప్ పని పక్కన పెట్టి లెక్కిస్తే, అదే దెబ్బను 60 బదులు 40 మిల్లీమీటర్లలో ఆపాలంటేనే స్ప్రింగు రెండింతలకు పైగా గట్టిగా ఉండాలి. ఇక 35 సంగతి మీరే ఊహించుకోండి.

స్ట్రట్ ఉన్న కార్లలో ఇంకో చిక్కు. దించేకొద్దీ లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి తిరుగుతుంది, రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, కారును ఒరగదోసే శక్తికి ఇంకా పొడవాటి మీట దొరుకుతుంది. ఎక్కువ దించిన కారు మెత్తటి స్ప్రింగుల మీద మునుపటికన్నా ఎక్కువ ఒరిగినా ఆశ్చర్యపోకండి. 15 నుంచి 25 మిల్లీమీటర్ల లోపు ఆగండి. దించాక హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించండి. కొన్ని కార్లలో వెనక బ్రేకు ప్రెషర్‌ను యాక్సిల్ ఎత్తును బట్టి మార్చే వాల్వ్ ఉంటుంది, అది ఉంటే దాన్నీ సరిచేయించాలి. మీరున్న చోట ఇలాంటి మార్పులకు అనుమతి, బీమా నియమాలు ఏమున్నాయో విడిభాగాలు కొనకముందే కనుక్కోండి.

బిగించే రోజు

స్ట్రట్ విప్పే పని చేతకాకపోతే గర్వపడకుండా మెకానిక్‌కు ఇవ్వండి. నొక్కి ఉన్న స్ప్రింగు తప్పించుకుంటే ప్రాణం పోతుంది. స్ప్రింగు కంప్రెసర్‌తో పూర్తిగా బిగించి, స్ప్రింగు సీటు మీద వదులుగా తిరుగుతోందని చూసుకున్నాకే పైన ఉన్న మధ్య నట్టు విప్పాలి. అంతకుముందు దాన్ని ముట్టుకోకూడదు. కారు కింద జాకీ ఒక్కదాన్ని నమ్మి దూరకూడదు, స్టాండ్లు ఉండాలి.

రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకుని తిప్పకండి. దాని మీద పడ్డ చిన్న గీత సీలును కోసేస్తుంది, కొత్త షాకప్ ఆరు నెలల్లో కారుతుంది. పాత బంప్ స్టాపర్లు, రబ్బరు తొడుగులు మళ్ళీ వాడకండి, ఖర్చు పెద్దదేం కాదు.

ఒక్క పొరపాటు మాత్రం అనుభవం ఉన్నవాళ్ళు కూడా చేస్తారు. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ఆర్మ్ బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టుతో కలిసి బిగుసుకుంటుంది, రబ్బరు మెలిపడుతుంది. అలా వేలాడే స్థితిలో బిగిస్తే, కారు నేల మీదికి దిగాక రబ్బరు రోజంతా మెలిపడే ఉంటుంది. ఎత్తు సరిగ్గా రాదు, నడక బిర్రుగా ఉంటుంది, బుష్ తొందరగా చీలుతుంది. ఆ బోల్టులు వదులుగా ఉంచి, చక్రాల మీద కారు బరువు పడ్డాక అదే ఎత్తులో టార్క్ రెంచ్‌తో బిగించండి. సొంతంగా బిగించి కారు 'కట్టెలా' ఉందని వాపోయేవాళ్ళను నేను ముందు అడిగేది ఇదే.

కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాకప్ సెట్లు) వేస్తున్నట్టయితే, స్ప్రింగు కింది పళ్ళెం పైకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందన్నది అపోహ. మామూలు సమాన చుట్ల స్ప్రింగు గట్టితనం ఎంత తిప్పినా మారదు, కారు ఎత్తు మాత్రమే మారుతుంది.

పని అయ్యాక ఓ రెండు మూడు వందల కిలోమీటర్లు తిరగనిచ్చి వీల్ అలైన్‌మెంట్ చేయించండి. వెంటనే చేయిస్తే స్ప్రింగులు కుదురుకున్నాక మళ్ళీ మారుతుంది. అయితే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) కంటికే తెలిసేంత తప్పితే ఆగకండి, టైర్లను తినేది క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం) కన్నా టోనే ఎక్కువ. వీధి వాడకానికి ముందు క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ దరిదాపుల్లో, ముందు టో సున్నా దగ్గర, వెనక టో కొద్దిగా లోపలికి. కంపెనీ ఇచ్చిన పరిధి దాటాల్సిన అవసరం మామూలుగా రాదు.

క్లిక్కులతో ఆఖరి సర్దుబాటు

చాలా షాకప్‌లలో నాబ్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే గట్టిపడుతుంది. బలవంతం చేయకుండా చివరిదాకా మూసి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టుకోండి. నాలుగు చక్రాలకూ విడివిడిగా రాయండి.

పూర్తి మెత్తన నుంచి మొదలుపెట్టండి. మీరు ఎంచుకున్న చుట్టులో పల్లం దాటాక కారు ఎన్నిసార్లు ఊగుతోందో చూడండి. రెండు మూడు సార్లు ఊగుతుంటే ముందు జతకు రెండు క్లిక్కులు, మళ్ళీ చుట్టు, తర్వాత వెనక జతకు రెండు. ఒకసారి దిగి, లేచి, కుదురుకునేదాకా వెళ్ళండి. అక్కడికొచ్చాక ఇంకో రెండు క్లిక్కులు కావాలనే బిగించి చూడండి. వరస గతుకుల్లో నాలుగో దెబ్బ గట్టిగా తగిలితే హద్దు దాటారన్నమాట, వెనక్కి రండి. ఈ హద్దు ఎక్కడుందో ఒకసారి ఒంటికి తెలిస్తే ఇక సెట్టింగుల గురించి ఎవరినీ అడగక్కర్లేదు.

ఒక్కరే కూర్చుని కుదిర్చినది నలుగురితో కుదరదు. వెనక మనుషుల్ని కూర్చోబెట్టి ఇంకోసారి తిరగండి. అడగకుండా ఉంటేనే మంచిది, "బాగుందా?" అంటే మొహమాటానికి బాగుందంటారు. మలుపులో వాళ్ళు తలుపు పైన పిడి పట్టుకుంటున్నారా, గతుకుల్లో మాట మధ్యలో ఆగిపోతోందా అన్నది అద్దంలో చూసుకుంటే చాలు.

నేను మొదట్లో చేసినట్టే నాలుగు షాకప్‌ల రాడ్‌లకూ ప్లాస్టిక్ టైలు బిగించి తిరగండి, ఇంటికొచ్చాక వాటిని చూడండి. ఎక్కడా పెద్ద గుంతలో పడకుండానే టై స్టాపర్‌కు చేరితే, ఏ నాబ్ తిప్పినా ప్రయోజనం లేదు. ఆ మూల కారును ఐదో పదో మిల్లీమీటర్లు ఎత్తండి, లేదా స్ప్రింగు ఒక మెట్టు పెంచండి. నేను ఆ 40 మిల్లీమీటర్ల స్ప్రింగులు తీసేసి, కంపెనీ స్ప్రింగులు మళ్ళీ ఎక్కించి, మంచి షాకప్‌లు వేశాను. వెనక బార్ ఒక మిల్లీమీటరు పెంచాను. కారు ఎత్తుగానే కనబడుతుంది, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పిడికిలి దూరుతుంది. టై మాత్రం స్టాపర్‌కు రెండు వేళ్ళ కింద ఆగిపోతోంది.